పాప్‌కార్న్ మేకర్ కొనమని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా

పోయిన దీపావళి సేల్ టైంలో ఇంట్లో హోమ్ థియేటర్ సెటప్ చేసుకోవాలంటే ఏమేం కొనాలో ఒక లిస్ట్ రాశాను. ప్రొజెక్టర్, సౌండ్‌బార్, బ్లాకవుట్ కర్టెన్లు, చివర్లో హాట్ ఎయిర్ పాప్‌కార్న్ మేకర్. మొదటి మూడూ నేను వాడి రాసినవి. నాలుగోది మాత్రం స్పెక్స్ చూసి రాసేశాను. 1200 వాట్లు, మూడు నిమిషాలు, నూనె చుక్క అక్కర్లేదు అని ఉంటే ఇంకేం కావాలి అనుకున్నా. అది చదివి మా కజిన్ ఒకటి కొన్నాడు, ఆఫీస్‌లో ఇద్దరు కొన్నారు. ఆ తర్వాత నేనూ 2,199 రూపాయలు పెట్టి కొన్నాను. ఇప్పుడు నాలుగు మిషన్లూ నాలుగు ఇళ్లలో అటకల మీద ఉన్నాయి.

మిషన్ పాడైపోలేదు. మొదటి రోజు గింజలన్నీ బ్రహ్మాండంగా పేలాయి. లైట్లు ఆపి సినిమా పెట్టి, గిన్నె నాన్న చేతికిచ్చాను. నాలుగు నోట్లో వేసుకుని "ఏంట్రా ఇది, థర్మాకోల్ నమిలినట్టుంది" అన్నారు. పైన చల్లిన ఉప్పంతా గిన్నె అడుగున ఉంది. కరిగించిన బటర్ పోసి చూశాను. పడిన చోటల్లా పాప్‌కార్న్ తడిసి ముద్దయింది, మిగతాది అలాగే చప్పగా ఉంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

పాప్‌కార్న్ గింజలో దాదాపు 14 శాతం తేమ ఉంటుంది. వేడెక్కేకొద్దీ ఆ తేమ ఆవిరవుతుంది కానీ గట్టి తొక్క దాన్ని బయటికి పోనివ్వదు. సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర తొక్క తట్టుకోలేక పగులుతుంది, లోపల మెత్తబడిన పిండి నురగలా పొంగి అక్కడే గట్టిపడుతుంది. వేడి గాలితో అయినా, నూనెతో అయినా, మైక్రోవేవ్‌తో అయినా ఇక్కడిదాకా సేమ్.

తేడా రుచిలో వస్తుంది. థియేటర్ మిషన్‌లో పైన వేలాడే కెటిల్ చూసే ఉంటారు. గింజలు, నూనె, ఉప్పు మూడూ అందులోనే కలిసి వేడెక్కుతాయి. ప్రతి గింజా నూనెలో తడిసే పేలుతుంది కాబట్టి ఉప్పు దానికి అంటుకునే బయటికొస్తుంది. 1893లో షికాగో వరల్డ్ ఫెయిర్‌లో చార్ల్స్ క్రెటర్స్ ఆవిరితో నడిచే మిషన్ చూపించినప్పటి నుంచీ ప్రాథమిక సూత్రం ఇదే. హాట్ ఎయిర్ మేకర్‌లో నూనె లేదు. నూనె లేకపోతే ఉప్పు అంటుకోదు. నేను "నూనె అక్కర్లేదు" అని ప్లస్ పాయింట్ కింద రాసిందే అసలు మైనస్ పాయింట్.

ఇంకో విషయం. బటర్‌లో సుమారు 16 శాతం నీళ్లుంటాయి, అందుకే పాప్‌కార్న్ మెత్తబడింది. నెయ్యిలో నీళ్లు దాదాపు ఉండవు. అంటే ఈ పనికి కరెక్ట్ మెటీరియల్ మన వంటింట్లో ముందునుంచే ఉంది.

నేను ఇప్పుడు చేస్తున్న పద్ధతి

1. ముందు ఉప్పు. రెండు స్పూన్ల ఉప్పు, చిటికెడు పసుపు మిక్సీలో వేసి పౌడర్‌లా తిప్పండి. థియేటర్ ఉప్పు చాలా సన్నగా ఉంటుంది, పసుపు రంగు కూడా అందులోదే. వాళ్లు ఫుడ్ కలర్ వాడతారు, మనకి పసుపు చాలు.

2. అయిదు లీటర్ల కుక్కర్ గిన్నె తీసుకోండి. కుక్కర్ మూత మాత్రం అస్సలు పెట్టొద్దు. ఒక స్టీల్ ప్లేట్ కప్పి కొంచెం సందు వదలండి. ఆవిరి పోకపోతే పాప్‌కార్న్ రబ్బరులా సాగుతుంది, బిగించిన మూత అయితే ప్రమాదం కూడా.

3. రెండు టేబుల్ స్పూన్ల నెయ్యి వేసి, మీడియం మంట మీద మూడే మూడు గింజలు వేయండి. అవే మన టెంపరేచర్ సెన్సర్. అవి పేలాయంటే 180 దగ్గరికి వచ్చినట్టే.

4. స్టవ్ ఆపి 60 గ్రాముల గింజలు, అర స్పూను కంటే తక్కువ ఉప్పు వేసి కలపండి. ముప్పై సెకన్లు ఆగి మళ్లీ వెలిగించండి. ఆ గ్యాప్‌లో గింజలన్నీ ఒకే వేడికి వస్తాయి, తర్వాత దాదాపు అన్నీ ఒకేసారి పేలతాయి.

5. మధ్యలో గిన్నె ఊపుతూ ఉండండి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు సెకన్లు గ్యాప్ వస్తే దించేసి వెంటనే వేరే గిన్నెలోకి వంపేయండి.

థియేటర్లలో ఎక్కువగా వాడేది కొబ్బరి నూనె. కానీ మన ఇళ్లలో కొబ్బరి నూనె అంటే తలకి రాసుకునేది. ఆ వాసనతో పాప్‌కార్న్ పెడితే ఇంట్లో ఎవరూ ముట్టరు. వాసన లేని రిఫైన్డ్ కొబ్బరి నూనె దొరికితే ట్రై చేయండి, లేదంటే నెయ్యే బెస్ట్. గింజల ప్యాకెట్ విప్పాక గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. తేమ పోతే ఏ మిషనూ వాటిని పేల్చలేదు.

ఖర్చు? కిలో గింజలు నాకు 160కి దొరికాయి, అంటే 60 గ్రాములు పది రూపాయలు. నెయ్యితో కలిపి ముప్పై దాటలేదు. పోయిన నెల మల్టీప్లెక్స్‌లో ఒక టబ్‌కి నేనిచ్చింది 420.

మరి మిషన్ ఎవరూ కొనకూడదా?

కొనొచ్చు. నూనె తగ్గించాలి అనుకునేవాళ్లకి, హాస్టల్లో స్టవ్ లేనివాళ్లకి, పిల్లల్ని మంట దగ్గరికి పోనివ్వని ఇళ్లకి హాట్ ఎయిర్ మేకర్ నిజంగానే పనికొస్తుంది. ఆ రుచికి అలవాటు పడినవాళ్లూ ఉన్నారు. నేను చేసిన తప్పు, దాన్ని "థియేటర్ టేస్ట్" అని రాయడం.

మా రివ్యూలు రాసేవాళ్లందరికీ ఉన్న జబ్బు ఇది. ఒక మిషన్‌ని ఇంకో మిషన్‌తో పోలుస్తాం. వాట్లు, కెపాసిటీ, వారంటీ, రేటు అన్నీ టేబుల్ వేసి ఒక విన్నర్‌ని తేలుస్తాం. మీ ఇంట్లో ఆల్రెడీ ఉన్న కుక్కర్ గిన్నె ఆ టేబుల్‌లోకి ఎప్పుడూ రాదు, ఎందుకంటే దానికి సేల్ లింక్ లేదు. "ఏది కొనాలి" అనే ప్రశ్నకి జవాబు రాసే ముందు "అసలు కొనాలా" అని నేను అడగలేదు. అడిగుంటే నాలుగు ఇళ్లలో డబ్బు మిగిలేది.

కుక్కర్ ఐడియా కూడా నాది కాదు, అమ్మది. నేను మిషన్ మాన్యువల్ మూడోసారి చదువుతుంటే, "తొలి ఏకాదశికి మీ నాయనమ్మ మంగలంలో జొన్నలు పేల్చేది. ఇన్ని మాన్యువల్స్ చదవలేదు" అని గిన్నె స్టవ్ మీద పెట్టింది.

పాత లిస్ట్‌లో నాలుగో ఐటెం ఇవాళే తీసేశాను. కింద ఎందుకు తీశానో కూడా రాశాను. దాన్ని చూసి కొన్నవాళ్లకి సారీ. రిటర్న్ విండో ఇంకా ఉంటే వాడేసుకోండి. లేకపోతే ఈ ఆదివారం కుక్కర్ గిన్నెతో ఒకసారి చేసి చూడండి. ఇక నుంచి నేను వాడని వస్తువు నా లిస్ట్‌లో ఉండదు. ఉంటే కామెంట్స్‌లో నిలదీయండి.