సాక్షికి ఊరే తోడు నిలువవలెను

పల్నాటిలో ఒక హత్య జరిగిన మరునాడు హంతకుడెవరని ఎవ్వరినడిగినను తెలియదను సమాధానమే వచ్చును. నిజముగా తెలియనివాడు మాత్రము ఆ ఊరిలో ఒక్కడును ఉండడు. మాచవరము మొదలుకొని మాచర్ల వరకు ఈ సీమలో పెక్కు హత్యకేసులు వీగిపోవుట చూచినవారు లేక కాదు, చూచినవాడు బోనెక్కి నోరు విప్పలేకపోవుట చేతనే. పోలీసులు వ్రాసికొనిన వాఙ్మూలము న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువదు. విచారణ వచ్చునాటికి ఏండ్లు గడచును. ఆ ఏండ్లలో ఒకప్రక్క బెదిరింపులు, ఒకప్రక్క పెద్దమనుష్యుల రాజీలు, నడుమ అధికారము చేతులు మారుట, ఇన్నియు జరిగిన పిమ్మట సాక్షి అడ్డము తిరిగినచో ఆ దోషమును అతని యొక్కని మీదనే మోపుట అన్యాయమని నా దృఢవిశ్వాసము.

2024 మే 13న పోలింగు నాడును తరువాతి దినములలోను మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతములలో చెలరేగిన దాడుల పిమ్మట ఎన్నికల సంఘము జిల్లా ఎస్పీని సస్పెండు చేసి కలెక్టరును బదిలీ చేసెను. ప్రత్యేక దర్యాప్తు బృందమును ఏర్పడెను. రెండు నెలలు గడచెనో లేదో, జూలై 17న వినుకొండ నడివీధిలో ఒక యువకుడు మరియొక యువకుని కత్తితో నరికి చంపెను. ఇక్కడ తుపాకి అరుదు. వేటకొడవలియు నాటుబాంబును దాని పని చేయుచున్నవి, వాటిని చేతబట్టుటకు కుఱ్ఱవాండ్రే కావలసివచ్చుచున్నారు. నాయకుడు పార్టీ మారవచ్చును. ఆ కుఱ్ఱవాని పేర తెరచిన రౌడీషీటు మాత్రము ప్రతి ఎన్నికకును అతనిని బైండోవరుకై స్టేషనుకు రప్పించుచునే యుండును, ఉద్యోగము వచ్చునపుడు అడ్డుపడుచునే యుండును. పౌరుషాల గడ్డ యని పిల్లలకు నూరిపోయు పెద్దలు, కారెంపూడిలో ఏటేట పల్నాటి యుద్ధవీరులను కొలుచునపుడు, ఆ యుద్ధము గురజాలను మాచర్లను కూడ కూల్చినదను మాటయు చెప్పవలదా?

సాక్షులు కూడి నిలిచిన దృష్టాంతము నాటి గుంటూరు జిల్లాలోనే కలదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైనపుడు, బాధితులు తెనాలి శిబిరములో తల దాచుకొనుచును రాజీకి లొంగక, విచారణ తమ ఊరిలోనే జరుగవలెనని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానమును చుండూరికే రప్పించుకొనిరి. 2007లో 21 మందికి యావజ్జీవశిక్ష పడెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది. ఆ తీర్పు నన్ను నేటికిని బాధించుచున్నది. ఐనను ఒంటరిగా ఎవ్వడును పలుకజాలని మాటను ఒక వాడ యంతయు కలిసి పలుకగలదని ఆ బాధితులు నిరూపించిరి. కులదాడి వేరు, ముఠాకక్ష వేరు అందురు. సాక్షి భయము రెంటను ఒక్కటే.

చట్టము ఇప్పుడు కొంత తోడు వచ్చినది. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకము ననుసరించి, ప్రాణభయము గల సాక్షి జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన గల సంఘమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. రక్షకభటులను, అవసరమైనచో వేరొకచోట నివాసమును పొందవచ్చును. ఈ సంగతి మన రచ్చబండల కింకను చేరలేదు. హత్య జరిగిన తొలి దినములలోనే, భయము ముదురకమునుపే, ఉపాధ్యాయులు, డ్వాక్రా సంఘముల తల్లులు, ఇరుపక్షముల పెద్దలు సాక్షిని వెంటబెట్టుకొనిపోయి మేజిస్ట్రేటు నెదుట వాఙ్మూలమిప్పించినచో, పిదప అతనిని బెదిరింపదలచినవాడు ఊరినంతటిని బెదిరింపవలసివచ్చును. ఏ గడ్డివామిలో బాంబులు దాచిరో ఎఱిగిన తల్లి తన కుమారుడు జైలు పాలగునను భయమున మిన్నకుండుచున్నది. ఆమె రహస్యముగా చెప్పుకొనదగిన మనిషి ప్రతి ఊరను ఒకడుండవలెను. షికాగో నగరమున పూర్వము ముఠాలలో తిరిగి విరమించుకొనినవారే ప్రతీకారమునకు బయలుదేరు యువకులకు అడ్డుపడి నచ్చజెప్పుచున్నారు. అట్టి పనికి తగినవారు, జైలులో యౌవనము కరగించుకొని వచ్చినవారు, మనకును లేకపోలేదు.

మా మాచవరము మండలములోని పిన్నెల్లి నుండి 2019 ఎన్నికల పిమ్మట ఒక పక్షము కుటుంబములు, 2024 పిమ్మట ఎదుటి పక్షమువారు ఊరు విడిచిపోయిరి. ఊరు విడిచినవాడు సాక్ష్యము చెప్పుట కల్ల. కనుక ఉభయపక్షముల నాయకులు మాచవరములో ఒకచోట కూర్చుండి, తమవారిని గాక ఎదుటివారిని తామే వెంటబెట్టుకొని ఇండ్లకు చేర్చుటకు ఒప్పుకొనవలెను. ఆ ఒప్పందమునకు పోలీసు అధికారియు సాక్షిగా సంతకము చేయవలెను.