3వ తరగతి పిల్లలకూ కంప్యూటర్ గది తెరవండి



బడిలో కంప్యూటర్లున్నా వాటి ముందు కూర్చునే వంతు చాలాచోట్ల పెద్ద తరగతులదే. జాతీయ విద్యా విధానం-2020 కూడా కోడింగ్‌ను 6వ తరగతి దగ్గరే మొదలుపెట్టింది. అప్పటిదాకా చిన్నపిల్లలకు దక్కేది కీబోర్డు, మానిటర్ బొమ్మల కింద పేర్లు రాయడం. మౌస్ చేతికివ్వకుండా మౌస్ అంటే ఏమిటని పరీక్ష పెట్టడం ఏం చదువు? 3వ తరగతి నుంచే వారానికి రెండు పీరియడ్లు పిల్లలు కంప్యూటర్ మీద సొంతంగా ఏదైనా తయారుచేయాలని మా కోరిక.

కొనాల్సిందేమీ లేదు. బొమ్మలేసుకునే టక్స్ పెయింట్ ఉచితం, పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. రంగు బ్లాకులను ఒకదానికొకటి తగిలిస్తూ పిల్లలు కోడింగ్ చేసే స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మిచెల్ రెస్నిక్ బృందం రూపొందించింది, అది 2007 నుంచి ఉచితంగానే దొరుకుతోంది. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

స్క్రాచ్ తెరవగానే ఒక పిల్లి కనిపిస్తుంది. 10 అడుగులు కదలమనే బ్లాకును, ఆగకుండా చేస్తూనే ఉండమనే బ్లాకులో పెడితే పిల్లి పరుగందుకుంటుంది. అంచు తగిలితే వెనక్కి మళ్లమనే బ్లాకు కూడా కలపండి. మళ్లుతుంది, కానీ తలకిందులుగా! పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వయ్యాక ఎవరో ఒకరు "ఎందుకట్లా అయింది?" అంటారు. టీచర్లూ, అప్పుడు జవాబు చెప్పేయకండి. కుడి ఎడమలకు మాత్రమే తిరగమని పిల్లికి చెప్పే బ్లాకు ఒకటుంది, వాళ్లనే వెతకనివ్వండి. రేపు అదే పిల్లి చేత తెలుగులో మాట్లాడిస్తారు, అమ్మమ్మ చెప్పిన కథకు తమ గొంతే రికార్డు చేసి జోడిస్తారు.

"ఇప్పటికే ఫోన్ వదలరు, మళ్లీ ఇదొకటా?" అంటారు తల్లులు. ఆ భయం న్యాయమే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అందుకే అంగన్‌వాడీ పిల్లలకు మేం ఇది అడగడం లేదు. పైగా ఇది ఫోన్ లాంటిది కాదు. ఫోన్‌లో ఒక వీడియో అయిపోతే ఇంకొకటి దానంతటదే వస్తుంది. స్క్రాచ్‌లో పిల్ల చెప్పందే పిల్లి అడుగు వేయదు.

విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. కాబట్టి అడిగే అధికారం మీదే. వచ్చే సమావేశంలోనే తీర్మానం పెట్టండి: 3, 4, 5 తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, కంప్యూటర్‌కు ఇద్దరేసి పిల్లలు, మార్కులు వద్దు, నెలకోసారి పిల్లలు చేసినవి అమ్మానాన్నలకు చూపించాలి. తీర్మానం నకలు మండల విద్యాధికారికి పంపండి.