మాటల మూట: హార్ట్ అంటే గుండేనా?

పోయిన నెల ‘హ్యాండ్’ గురించి రాశాక, "ఈసారి హార్ట్ గురించి రాయండి వదినా, ఫిబ్రవరి కదా" అని ఇద్దరు ముగ్గురు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. గులాబీలూ చాక్లెట్లూ దృష్టిలో పెట్టుకుని అడిగి ఉంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే రెండు ఫోన్లు గుర్తొస్తాయి. ఒకటి నాకు వచ్చింది, రెండోది నేను చెయ్యడానికి ఆలస్యం చేసింది.

మొదటిది మేం మాంట్రియల్ వచ్చిన కొత్తలో. 1977 నాటి భాషా చట్టం వల్ల ఇక్కడ మనలాంటివాళ్ళ పిల్లలు మామూలుగా ఫ్రెంచ్ బడికే వెళ్తారు కదా, మా పాప అప్పుడు రెండో తరగతి. మధ్యాహ్నం బడి నుంచి ఫోన్. ఆవిడ గబగబా ఫ్రెంచ్‌లో చెప్పుకుపోతోంది. నాకు అందినవి రెండే ముక్కలు: ‘మాల్’ అంటే నొప్పి, ‘కర్’ అంటే గుండె. అంతే, కాళ్ళూ చేతులూ ఆడలేదు. కోటు జిప్పు కూడా పెట్టుకోకుండా మంచులో పరిగెత్తాను. తీరా వెళ్ళేసరికి పాప ఆఫీసు గదిలో ఒళ్ళో బకెట్టు పెట్టుకుని కూర్చుంది. వాంతి అయిందిట. ‘మాల్ ఓ కర్’ అంటే ఫ్రెంచ్‌లో వికారం, కడుపులో తిప్పడం. గుండెకి ఏ సంబంధమూ లేదు! ఆవిడ నవ్వలేదు పాపం, నాకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది.

కడుపుకి గుండె పేరెందుకు పెట్టారో అని ఆ తర్వాత వెతికితే, కథ గ్రీకుల దాకా పోయింది. గ్రీకులో గుండెని ‘కార్డియా’ అంటారు. పాత వైద్యులు కడుపు పైభాగాన, అన్నవాహిక వచ్చి కలిసే చోటునీ కార్డియా అనే అన్నారు. ఇప్పటికీ వైద్యం పుస్తకాల్లో ఆ చోటు పేరు అదే. రెండూ పక్కపక్కనే, ఏది మండుతోందో బయటికి తెలిసేది కాదు మరి. ఇంగ్లీషువాళ్ళ ‘హార్ట్‌బర్న్’ కూడా ఆ ఇరుగుపొరుగు గందరగోళమే. మండేది అన్నవాహిక, పేరు గుండెది.

ఆ కార్డియా, లాటిన్ ‘కోర్’, ఫ్రెంచ్ ‘కర్’, ఇంగ్లీషు ‘హార్ట్’ అన్నీ ఒక తల్లి పిల్లలే. ఇంగ్లీషు వైపు వచ్చేసరికి మొదటి ‘క’ కాస్తా ‘హ’ అయింది. లాటిన్‌లో కొమ్ముని ‘కోర్నూ’ అంటే ఇంగ్లీషులో ‘హార్న్’ అయినట్టే. మన పుస్తకాల్లో ఉండే ‘హృదయం’ కూడా సంస్కృతం నుంచి వచ్చిన ఆ ఇంటి బిడ్డే. అంటే హృదయానికి హార్ట్ చెల్లెలి వరస. ‘కరేజ్’ కూడా కోర్ లోంచి పుట్టిందే, మనం గుండెధైర్యం అన్నట్టు. ‘రికార్డ్’ అంటే మొదట్లో మళ్ళీ గుండెకి తెచ్చుకోవడం, జ్ఞాపకం చేసుకోవడం. అందుకే వాళ్ళకి చదువు గుండెలో ఉంటుంది: ఇంగ్లీషులో ‘బై హార్ట్’, ఫ్రెంచ్‌లో ‘పార్ కర్’. మనకేమో గొంతులో ఉంటుంది, కంఠస్థం అంటాం, లేకపోతే నోటికొచ్చు అంటాం. ఊరి మధ్య భాగం వాళ్ళకి హార్ట్, మనకి నడిబొడ్డు. పేకాటలో హార్ట్ మా తాతయ్యకి ఆఠీను!

‘గుండె’ మాత్రం ఈ చుట్టరికంలో లేదు. అది మన ద్రావిడ మాట. కన్నడంలో ‘గుండిగె’ అంటారు. దాన్ని మనం వాడినన్ని రకాలుగా ఇంకెవరైనా వాడతారా అని నాకు అనుమానమే. గుండె గుభేలుమంటుంది, జారుతుంది, రాయవుతుంది, చెరువవుతుంది. పెళ్ళికాని ఆడపిల్ల గుండెల మీద కుంపటి అనే మాట కూడా ఉంది, అది వదిలేస్తే మంచిది. అసలు ఒక మనిషికి ఒకటే గుండె కదా, మనం ‘గుండెలు’ అని బహువచనం ఎందుకంటాం? గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపో అంటే ఛాతీ. గుండెల నిండా గాలి పీల్చుకో అంటే ఊపిరితిత్తులు. గుండెలు బాదుకుంది అంటే రొమ్ము. మెడ కిందా బొడ్డు పైనా ఉన్నదంతా మనకి గుండెలే.

రెండో ఫోను దగ్గర ఈ బహువచనమే నన్ను ముంచబోయింది.

అత్తయ్యగారు విశాఖపట్నం నుంచి మా దగ్గరికి వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళు. ఆ రోజు రాత్రి పులిహోర, మిరపకాయ బజ్జీలు. పదకొండింటికి "గుండెల్లో మంటగా ఉందే అమ్మాయ్, తేన్పు రావట్లేదు" అన్నారు. బజ్జీల పనే అనుకుని వాము నీళ్ళిచ్చాను, ఈనో కలిపిచ్చాను. ఒంటిగంటకి వికారం అన్నారు. విశాఖలో ఆడపడుచుకి వీడియో కాల్ చేస్తే "అమ్మకి మామూలే, గ్యాస్ వదినా" అంది. నేనూ సరే అన్నాను. రెండున్నరకి చూస్తే దుప్పటి తీసేసి కూర్చున్నారు, జనవరి చలిలో జాకెట్టంతా చెమట. దవడ లాగుతోందిట. "పొద్దున్నే చూద్దాంలే, ఇంత రాత్రి వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అని ఆవిడే నన్ను ఆపారు.

911 కి ఫోన్ చేసేసరికి నాలుగు. అప్పుడు కూడా నేనేమన్నానో తెలుసా? ఆవిడ మాటని ముక్కస్య ముక్కగా మార్చి ‘హార్ట్‌బర్న్’ అన్నాను. అనువాదంలో తప్పేం లేదు, కానీ ఆ మాట వింటే ఎవరికైనా కడుపులో పులుపు అనే అర్థమవుతుంది. అవతలి అమ్మాయి నా మాట పట్టుకుని కూర్చోలేదు, అదీ మా అదృష్టం. ఎక్కడ? ఎప్పటినుంచి? చేతికో దవడకో పాకుతోందా? చెమట పట్టిందా? ఊపిరి ఆడుతోందా? నాలుగో ప్రశ్న పూర్తయ్యేలోపే అంబులెన్స్ బయల్దేరింది. గుండెపోటే. స్టెంట్ వేశారు. బతికారు, కానీ గుండె కండ కొంత దెబ్బతింది. ఇంకా ముందు వచ్చి ఉంటే అంత పోయేది కాదన్నారు డాక్టరు. ఆ అయిదు గంటలు నా లెక్కలోనే ఉన్నాయి.

ఆడవాళ్ళకీ గుండెపోటులో ఎక్కువగా వచ్చేది ఛాతీలో నొప్పో, బరువో, బిగువో. కానీ వికారం, ఆయాసం, దవడ నొప్పి, వీపు నొప్పి, ఒళ్ళంతా నీరసం మగవాళ్ళలో కంటే మనలో ఎక్కువగా తోడొస్తాయి. మనకేమో వీటన్నిటికీ ‘గ్యాస్’ అని ఒకే పేరు. ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళకీ అమ్మలకీ కూడా ఈ పేరా చదివి వినిపించండి. అక్కడైతే 108.

అత్తయ్యగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కారిడార్‌లో కూర్చుని మాడ్ ఆబట్ గురించి చదివాను. మన మాంట్రియల్ మనిషే. మెగిల్‌లో బి.ఎ. చేసింది కానీ, ఆడపిల్లని వైద్యం తరగతిలోకి రానివ్వలేదు. ఇంకో కాలేజీలో చదివి 1894లో డాక్టరయింది. ఆ మెగిల్ వాళ్ళే తర్వాత వైద్య మ్యూజియం అప్పగించారు. సీసాల్లో దాచిన గుండెల్ని ఒక్కొక్కటే పరిశీలించి, పుట్టుకతో వచ్చే గుండె లోపాల మీద 1936లో పెద్ద అట్లాస్ అచ్చువేసింది. ఆడపిల్లలకి మెగిల్ వైద్య విద్య తలుపులు తెరిచింది 1918లో, ఈవిడ డాక్టరైన ఇరవై నాలుగేళ్ళకి.

సీసాల్లో గుండెలంటే గుర్తొచ్చింది, సెయింట్ జోసెఫ్ ఒరేటరీలో బ్రదర్ ఆంద్రే గుండె దాచి ఉంది, చుట్టాలొస్తే మనమంతా చూపిస్తాం. దాన్ని 1973లో ఎవరో ఎత్తుకుపోయారు, 1974 డిసెంబరులో దొరికింది. ఈ కథ చెబితే అత్తయ్యగారు "గుండెలు తీసిన బంటు అంటే వాడే" అన్నారు. అప్పటికి ఆవిడ కోలుకున్నట్టే అని నాకు అర్థమైంది.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద తెలుగులో రాసిన కాగితం ఒకటి ఉంటుంది. ‘జే మాల్ ఆ లా ప్వాత్రిన్’: నాకు ఛాతీలో నొప్పి. దాని కింద ‘జే మాల్ ఓ కర్’: నాకు వికారం. దాని కింద పెద్దక్షరాల్లో 911. సలహాకైతే 811, నర్సు మాట్లాడుతుంది. కానీ ఛాతీ నొప్పికి 811 కాదు, 911. భాష రాకపోతే నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి చూపించమని అత్తయ్యగారికి చెప్పాను. "ఫోన్లో ఎలా చూపిస్తానే?" అన్నారు. అందుకని ఆ ప్వాత్రిన్ ముక్క మా పాప రోజూ ఆవిడకి అప్పజెప్పిస్తోంది. కంఠస్థమా, బైహార్టా అని అడక్కండి.

వచ్చే నెల ‘లివర్’. ఫ్రెంచ్‌వాళ్ళు విందుభోజనం అరక్కపోతే తప్పంతా దాని మీదకే నెడతారు.