పిత్తాశయపు రాళ్లు: పసరుతో తీరునవి కావు

మన సంఘీయులలో ఎవరికైనను కడుపులో రాయి యున్నదని తెలిసిన వెంటనే, ఉలవకట్టు త్రాగుమని యొకరు, కొండపిండి ఆకు నూరి పుచ్చుకొనుమని మరియొకరు చెప్పుట పరిపాటి. ఏ రాయి యని అడుగువారు మాత్రము అరుదు. దినుసు చూడక ధర కట్టు వర్తకుడు మన బజారులో లేడు. దేహము విషయమున మాత్రము మనమట్లే చేయుచున్నాము.

ఆ గృహవైద్యములు మూత్రపిండముల రాళ్లకని వాడుకలోనున్నవి. పిత్తాశయము వేరు. కాలేయమున పుట్టిన పిత్తరసము నిలువయుండు చిన్న సంచి అది. అందలి రాయి మూత్రముతో వెడలుటకు దారియే లేదు. కావున స్కానింగు కాగితము చేతికి వచ్చినప్పుడు, రాయి ఎచ్చట నున్నదని వైద్యుని మొదట అడుగవలెను.

ఆలివు నూనెయు నిమ్మరసమును త్రాగి, రాళ్లు పడిపోయినవని చూపువారును కలరు. అట్టివి రాళ్లు కావనియు, నూనె కడుపులో మారి ఏర్పడిన సబ్బు ఉండలనియు 2005లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించినది.

మరి మాత్రలు లేవా? అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లము కలదు. అది చిన్నవగు కొలెస్టరాల్ రాళ్లను మాత్రమే కరిగించును. అందుకును నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేండ్ల వరకు వాడవలెను. మానిన పిమ్మట 5 సంవత్సరములలో సుమారు సగముమందికి రాళ్లు మరల పుట్టును. దక్షిణదేశమున తరచుగ కనబడు పిగ్మెంటు రాళ్లపై అది పనిచేయదు.

ఇక శస్త్రచికిత్స. ఎన్నడును నొప్పి లేక, వేరొక పరీక్షలో బయటపడిన రాయికి సాధారణముగ ఆపరేషను అవసరముండదు. అట్టివారిని ఎవరైన తొందరపెట్టినచో రెండవ వైద్యుని అభిప్రాయము గొనుట మేలు. కాని భోజనానంతరము కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి పలుమారు వచ్చువారు వాయిదా వేయరాదు. ఈ వ్యాధి స్త్రీలలో అధికము. మన యిండ్లలో వారు దీనిని గ్యాసు నొప్పి యని సోడా త్రాగి ఓర్చుకొనుచుందురు. ఇంటి పెద్దలు ఇది గమనింపవలెను.

రాళ్లు మాత్రము తీసిన మరల పుట్టును గనుక సంచినే తీసివేయుదురు. 1882లో బెర్లినులో లాంగెన్‌బుక్ మొదట చేసిన ఈ చికిత్సను, 1990లో ముంబయిలో డాక్టర్ ఉద్వాడియా చిన్న రంధ్రముల ద్వారా చేసి మన దేశమున ప్రవేశపెట్టిరి. సంచి లేకున్నను పిత్తరసము నేరుగ ప్రేగునకు చేరును; అన్నము అరుగును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. నొప్పితోపాటు చలిజ్వరము వచ్చి కన్నులు పచ్చబడినచో, రాయి జారి పిత్తనాళమున చిక్కియుండవచ్చును. అప్పుడు కామెర్లని పసరు త్రాగించుట, వాతలు పెట్టించుట ప్రాణాపాయమునకు దారి తీయును. అట్టి రోగికి నోటి గుండ ఎండోస్కోపీ గొట్టము పంపి నాళములోని రాయిని తీయుదురు. అందుకు రోగిని ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చవలెను.

యశ్వంతనగర్ వాసులకు జిల్లా కేంద్రమగు బళ్లారిలోనే, 1961లో ఆరంభమైన ప్రభుత్వ వైద్యకళాశాలకు చెందిన ఆసుపత్రి కలదు. ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక కార్డు గలవారు దానిని వెంట తీసికొనిపోయి, తమ చికిత్సకు అది వర్తించునో లేదో ముందుగ విచారించుకొనవలెను. ఖర్చునకు వెరచి పసరును నమ్ముకొన్నచో, ఆలస్యమైన పిమ్మట ఖర్చును పెరుగును, ప్రాణభయమును పెరుగును.