సంతోషము పుట్టుకతో వచ్చునా?

"వాని పుట్టుకయే అంత" అను మాట మన యిండ్లలోను పాఠశాలలలోను తఱచుగా వినబడుచుండును. ఒక బాలుడు ముభావముగా నుండిన, వాని తాతయు నట్టివాడే యని చెప్పి పెద్దలు ఊరకుందురు. స్వభావమునకును పుట్టుకకును సంబంధము లేదని మేము వాదింపము. కాని యా మాటతో విచారణ ముగిసినదనుట తప్పని మా యభిప్రాయము.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు, శైశవముననే విడిపోయి వేఱువేఱు గృహములలో పెరిగిన కవలలను 1979 మొదలుకొని పరీక్షించిరి. ఒకే పిండమునుండి పుట్టిన కవలలు దూరముగా పెరిగినను, వారి స్వభావములు చాలవఱకు పోలియుండెను. 1996లో అచ్చటి పండితులగు లిక్కెన్, టెల్లెగెన్ అనువారు, మఱింత సంతోషముగా నుండుటకు ప్రయత్నించుట మఱింత పొడవగుటకు ప్రయత్నించినట్లే వ్యర్థము కావచ్చునని వ్రాసిరి. ఆ మాట పొరపాటని లిక్కెనుగారే తరువాత నొప్పుకొనిరి.

ఆ పోలికనే పరిశీలింతము. పొడవు వంశమునుబట్టి వచ్చునది, సందేహము లేదు. అయినను దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీలకంటె 1996లో పుట్టిన స్త్రీలు సగటున సుమారు 20 సెంటీమీటర్లు పొడవైరి. నూఱేండ్లలో వంశము మాఱలేదు. మాఱినవి ఆహారమును ఆరోగ్యమును. వంశమునుబట్టి వచ్చునది మాఱజాలదనుట ఎంత తప్పో దీనివలన తెలియుచున్నది.

స్వభావభేదములలో నూటికి సుమారు 40 వంతులు వంశమునకు చెందునని 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలన తెలుపుచున్నది. ఇది యనేకులమధ్యనుండు భేదములకు లెక్కయే కాని, ఒక్క బాలుని హృదయమును వంతులుగా పంచు లెక్క కాదు. 2016లో సుమారు 3 లక్షలమంది జన్యువులను శోధింపగా, సంతోషముతో సంబంధముగల స్థానములు మూడు మాత్రమే దొరకెను. వాని ప్రభావమును అత్యల్పము. సంతోషమునకు ఒక్క జన్యువే కారణమనుట కల్ల.

కావున ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును మా మనవి రెండు విధములు. నవ్వలేని బాలుని "నవ్వవేమిరా" యని గద్దింపకుడు. అది వాని నేరము కాదు. అట్లని "ఏడుపుమొగము" అని పేరుపెట్టి విడువకుడు. అది వాని విధియు గాదు. దిగులు దినదినము వీడక యున్న వైద్యునికి చూపుడు. తోడి విద్యార్థులారా! ఆటస్థలమున నొంటిగా నిలిచినవానిని పిలువుడు. వాని పుట్టుకను మనము మార్చలేము. వాని సాయంకాలమును మార్చగలము.