ఫోటో తీస్తే ఈబుక్ అయిపోతుందా?

నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగు చదవగలను కానీ స్లో. ఈబుక్ అయితే నాలాంటోళ్లకి ఈజీ అనుకున్నా. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది. ఇంగ్లీష్ నవలలు అలాగే చదివా మరి.

సెలవుల్లో కన్యాశుల్కం పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేశా. తెరిస్తే అది పుస్తకం కాదు, పుస్తకానికి తీసిన ఫోటోలు! జూమ్ చేస్తే సగం లైను స్క్రీన్ బయటికి పోతుంది. ప్రతి లైనుకీ కుడికి జరుపు, మళ్లీ ఎడమకి లాగు. మాట మీద నొక్కితే ఏమీ రాదు. ఫోన్ లెక్కలో అక్కడ అక్షరాల్లేవు, చుక్కలే ఉన్నాయి. ఇంకో పుస్తకంలో అక్షరాలున్నాయి గానీ, కాపీ చేస్తే ఏవో పిచ్చి గుర్తులొచ్చాయి. పాత డీటీపీ ఫాంటు, యూనికోడ్ కాదు. యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991లోనే దొరికింది, మనం పుట్టకముందే!

"ఈ తరం తెలుగు చదవదు" అని సభల్లో మమ్మల్ని తిడతారు. చదువుదామని వచ్చినవాడి చేతిలో ఫోటోలు పెడితే ఏం చదువుతాడు?

వికీసోర్స్‌లో కొన్ని పుస్తకాలు టైపు చేసి, తప్పులు దిద్ది పెట్టారు. అవి ఫోన్లో హాయిగా చదవొచ్చు. మన క్లబ్ కూడా వారానికి నాలుగు పేజీలు దిద్దితే బాగుంటుందని నా అభిప్రాయం. సన్మానాలు కాస్త తగ్గించుకుంటే టైమ్ దొరుకుతుంది.

ప్రస్తుతానికి నా డిక్షనరీ మా అమ్మమ్మే. స్క్రీన్‌షాట్ పంపితే వాయిస్ మెసేజ్‌లో అర్థం చెప్తుంది. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం సర్వీస్ బంద్.