గడ్డినేల ఖాళీ నేల కాదు

ఇంగ్లండులో వసంతం రాగానే పచ్చిక బయళ్ళ నిండా పసుపు పచ్చని బటర్‌కప్ పూలు విరబూస్తాయి. పిల్లలు ఆ పువ్వును ఒకరి గడ్డం కింద ఒకరు పెట్టి చూస్తారు. గడ్డం మీద పసుపు వెలుగు పడితే "నీకు వెన్నంటే ఇష్టం!" అంటారు. నిజానికి నున్నటి రేకులు కాంతిని పరావర్తనం చెందించడం వల్లనే ఆ వెలుగు పడుతుంది. వెన్నంటే గిట్టనివాడి గడ్డం మీదా పడుతుంది!

దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే పువ్వులా కనిపిస్తాయి. దగ్గరకు వెళితే మూడు జాతులు బయటపడతాయి. పూర్వం ఎడ్ల నాగళ్ళతో శతాబ్దాల తరబడి దున్నిన పొలాలు కొన్ని తర్వాత పచ్చికలుగా మారాయి. వాటిలో నాటి మిట్టలు, పల్లాలు ఇంకా నిలిచి ఉన్నాయి. అలాంటి చోట్ల ఈ మొక్కలను జాన్ హార్పర్, శాగర్ అనే శాస్త్రజ్ఞులు పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. మిట్ట మీద దుంప బటర్‌కప్, వాలులో మైదానపు బటర్‌కప్, తడి పల్లంలో పాకే బటర్‌కప్ ఎక్కువగా ఉన్నాయి. కొద్దిపాటి ఎత్తు తేడాయే మూడు మొక్కలకు మూడు ఇళ్ళు కట్టిందన్నమాట!

దుంప బటర్‌కప్‌ను గుర్తించడం తేలిక. పువ్వు కింది రక్షక పత్రాలు కాడవైపు వెనక్కి మడిచి ఉంటాయి. కాండం అడుగుభాగం దుంపలా ఉబ్బి ఉంటుంది. పూత ముగిశాక, వేసవిలో మిట్ట ఎండినప్పుడు ఆకులు వాడిపోతాయి. దుంప మాత్రం నేలలో నిద్రపోయి, శరత్కాలపు తడికి మళ్ళీ చిగురిస్తుంది.

పచ్చి ఆకు నలిగితే ఘాటైన విషపదార్థం పుడుతుంది. అది నోటిని మండిస్తుంది గనుక పశువులు ఈ మొక్కను వదిలి పక్కనున్న గడ్డిని మేస్తాయి. అందుకే రైతు దీన్ని కలుపు అంటాడు. ఆ మాటలో సగమే నిజం ఉంది. ఎండుగడ్డిలో ఆ విషం విరిగిపోతుంది. పైగా పశువులు మేయకపోతే గడ్డి ఏపుగా పెరిగి ఈ మొక్కకు ఎండ తగలనివ్వదు. అంటే తనను తినని పశువే దానికి నేస్తం!

1930ల నుంచి 1984 నాటికి ఇంగ్లండు, వేల్సులలోని పూల పచ్చికల్లో దాదాపు 97 శాతం మాయమయ్యాయి. వాటిని దున్నారు, ఎరువులు చల్లారు, కొత్త గడ్డి విత్తారు. యుద్ధకాలంలో తిండిగింజలు అవసరమే, కాదనను. కాని ఎవరూ నాటని గడ్డినేలను "ఖాళీ" అనుకోవడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. మిట్టను చదును చేస్తే పోయేది మట్టి కాదు, ఒక మొక్క ఇల్లు.

దుంప బటర్‌కప్ మన పొలాల్లో సహజంగా పెరిగే మొక్క కాదు. అయినా హార్పర్ చేసిన పని మీరూ చేయవచ్చు. పొలం గట్టు మీద ఏ మొక్కలున్నాయి, పక్క కాలువలో ఏమున్నాయి? ఒక ఆదివారం లెక్కపెట్టి రాసుకోండి. ఆ తర్వాత ఏ నేలనైనా "ఖాళీ" అనగలరేమో చూడండి!